కార్ల నగరంలో లైట్ రైల్: పట్టాల నుంచి ప్రయాణికుల దాకా



ఈ స్మారకోపన్యాసం డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి పేరిట జరుగుతోంది. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టి, చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోగొట్టుకుని, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ సంపాదించి, నాగార్జునసాగర్ రూపకల్పనలో పాలుపంచుకుని, విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికై, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూసిన ఇంజనీరు ఆయన. పులిచింతల ప్రాజెక్టు నేడు ఆయన పేరుతోనే ఉంది.

నీళ్ల ఇంజనీరు పేరిట జరిగే సభలో రైళ్ల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. జలాశయం నిండినంత మాత్రాన పైరు తడవదని ఈ సభలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. ప్రధాన కాలువ నుంచి డిస్ట్రిబ్యూటరీ, దాని నుంచి పంట కాలువ, చివరికి పొలం గట్టున బోదె. ఈ వరుసలో ఏది తెగినా చివరి ఆయకట్టు బీడే. నగర రవాణాలో రైలు మార్గం ప్రధాన కాలువ. దాన్ని తవ్వడానికి వేల కోట్లు పెట్టి, బోదెలకు డబ్బు లేదని ఊరుకున్న నగరాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. కారు లేకుండా అడుగు పడని ఉత్తర అమెరికా నగరాల్లో రెండింటి అనుభవం ఆధారంగా, లైట్ రైల్‌కు ప్రయాణికులు ఎలా వస్తారు, ఎందుకు రారు అన్నది ఇక్కడి విషయం.

1

లైట్ రైల్ విద్యుత్తుతో నడుస్తుంది. పైన తీగ నుంచి కరెంటు తీసుకుంటుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు పెట్టెలుంటాయి. మెట్రోలాగా మొదటి నుంచి చివరి దాకా ప్రత్యేక మార్గం కావాలన్న పట్టు దీనికి లేదు. నగరం నడిబొడ్డున వీధి మీదే సిగ్నళ్ల మధ్య నడిచి, ఇళ్లు పలచబడ్డాక తన సొంత దారిలో గంటకు 80 కిలోమీటర్లు, కొన్నిచోట్ల అంతకు పైన కూడా వేగం అందుకుంటుంది. సొరంగాలు, వంతెనలు తగ్గుతాయి కాబట్టి ఖర్చూ తగ్గుతుంది. ట్రాములు పీకేసి కార్లకు రోడ్లు వెడల్పు చేసుకున్న ఉత్తర అమెరికా నగరాలు మళ్లీ పట్టాల వైపు చూసింది ఈ కారణం వల్లే. 1978లో కెనడాలోని ఎడ్మంటన్, 1981లో కాల్గరీ, శాన్ డియేగో, 1986లో పోర్ట్‌లాండ్, 1996లో డాలస్, 2004లో హ్యూస్టన్, 2009లో సియాటిల్ ఈ దారి పట్టాయి.

వీటిలో డాలస్, కాల్గరీలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. రెండూ చమురు డబ్బుతో పెరిగిన ఊళ్లు. రెండూ విడివిడి ఇళ్లతో, వెడల్పాటి రోడ్లతో నాలుగు దిక్కులా పరుచుకున్నవి. నగర పరిధిలో జనాభా రెండింటిలోనూ 2020, 2021 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 13 లక్షలు. శివారు పట్టణాలను కలిపితే డాలస్ రైలు సంస్థ డార్ట్ సేవలందించే ప్రాంతంలో జనం అంతకు చాలా ఎక్కువ. డార్ట్ లైట్ రైల్ మార్గం 93 మైళ్లు, అంటే 150 కిలోమీటర్లు. కొన్నేళ్లపాటు అమెరికాలో అదే అతి పొడవైన లైట్ రైల్. కాల్గరీ సి-ట్రెయిన్ 60 కిలోమీటర్ల లోపే. కోవిడ్‌కు ముందు పనిరోజున డాలస్ లైట్ రైల్ ఎక్కినవారు సుమారు లక్ష. కాల్గరీలో సుమారు 3 లక్షలు.

సగం కన్నా తక్కువ పట్టాల మీద మూడు రెట్ల జనం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకుంటే తక్కిన విషయమంతా దానంతటదే విడివడుతుంది.

2

ముందు డాలస్ సంగతి. 1983 ఆగస్టులో ఓటర్లు డార్ట్ ఏర్పాటుకు ఒప్పుకున్నారు. సభ్యనగరాలు అమ్మకపు పన్నులో ఒక శాతం ఈ సంస్థకు ఇవ్వాలి. మొదట్లో కలలు చాలా పెద్దవి. 1988లో దీర్ఘకాలిక అప్పు తేవడానికి ఓటర్లు అనుమతించలేదు. దాంతో చేతిలో ఉన్న డబ్బుతో, చవకగా దొరికే దారిలో పట్టాలు వేయాల్సి వచ్చింది. చవకగా దొరికినవి పాత సరకు రైళ్ల దారులు. ఉత్తరాన ప్లేనో దాకా వెళ్లే రెడ్ లైన్‌లో చాలా భాగం ఒకప్పటి సదరన్ పసిఫిక్ దారే.

ఇంజనీరుకు ఈ నిర్ణయం ముచ్చటగానే ఉంటుంది. భూసేకరణ గొడవ లేదు, ఇళ్లు కూల్చే పని లేదు, మలుపులు తక్కువ. అయితే సరకు రైలు దారి పక్కన గోదాములుంటాయి, పాత ఫ్యాక్టరీలుంటాయి, ఆ తర్వాత వచ్చిన ఫ్రీవేలుంటాయి. మనుషులు ఇళ్లు కట్టుకున్న చోట్లు, ఉద్యోగాలు చేసే చోట్లు ఆ దారికి దూరం. ఎల్‌బీజే/సెంట్రల్ స్టేషన్‌కు దగ్గర్లోనే హై ఫైవ్ ఉంది. రెండు ఫ్రీవేలు ఒకదానిపై ఒకటి ఐదు అంతస్తులుగా కలిసే కూడలి అది. ఆ కాంక్రీటు కొండను ఆనుకుని ఎవరూ ఇల్లు కట్టుకోరు. రైలు మాత్రం దానికి దగ్గర్లోనే ఆగుతుంది.

రెండో కారణం పన్నుల లెక్క. సభలో ఎందరి పిల్లలో డాలస్ చుట్టుపక్కల ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకోవాలి. టెక్సాస్‌లో స్థానిక అమ్మకపు పన్ను రెండు శాతం దాటకూడదు. డార్ట్‌లో చేరితే అందులో సగం రవాణాకు పోతుంది. ఫ్రిస్కో ఆ సొమ్మును పరిశ్రమలను రప్పించడానికి, ఊరి హంగులకు వాడుకుంది. డార్ట్‌లో చేరలేదు. మెకిన్నీ, ఆర్లింగ్టన్ కూడా చేరలేదు. రెడ్ లైన్ ప్లేనోలో పార్కర్ రోడ్ దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే. తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడ్డ ఫ్రిస్కో ఆ గీతకు అవతల ఉండిపోయింది. ప్లేనోలోనే ఉన్న లెగసీ ప్రాంతంలో టొయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం 2017లో తెరిచారు. పెద్ద పెద్ద కంపెనీలు ఎన్నో అక్కడున్నాయి. రైలు మాత్రం దానికి మైళ్ల దూరంలో తూర్పున నడుస్తోంది.

పార్కర్ రోడ్‌లో రైలు దిగిన మనిషికి ఎదురయ్యేది ముందుగా కార్ల మైదానం. దాన్ని దాటితే ఆరు వరుసల రోడ్డు. సిగ్నల్ దగ్గర బటన్ నొక్కి నిలబడాలి. నడిచే మనిషి బొమ్మ వెలిగిన కొద్ది క్షణాల్లో అంత వెడల్పూ దాటాలి. జులైలో ఎండ 40 డిగ్రీలు. ఆ ఎండలో నడిచే మనిషి ఒక్కరు కూడా కనపడకపోవచ్చు. అపార్ట్‌మెంట్లున్నాయి గాని వాటి ప్రహరీ గేటు స్టేషన్ వైపు ఉండదు, రోడ్డు చుట్టూ తిరిగి పోవాలి. నేరుగా కొలిస్తే దూరం 400 మీటర్లు, కాళ్లకు మాత్రం కిలోమీటరు. ప్రణాళిక పటంలో స్టేషన్ చుట్టూ గీసిన వలయం లోపల ఈ ఇళ్లన్నీ ఉంటాయి. లెక్కల్లో వీళ్లంతా రైలుకు దగ్గరివారే.

దీనికి డార్ట్‌ను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. రోడ్డు, కాలిబాట, గేటు, పార్కింగ్ నిబంధన, వీటిలో ఏదీ రైలు సంస్థ చేతిలో లేదు. నగరాలు తమ చేతిలో ఉన్న వీటిని మార్చుకోకుండా రైలు తమను మార్చాలని ఎదురుచూశాయి. మార్పు తెచ్చిన చోట ఫలితమూ కనిపించింది. పాత గోదామును ఇళ్లుగా మార్చి, పక్కన సినిమాహాలు, హోటళ్లు కట్టిన మాకింగ్‌బర్డ్ స్టేషన్, కార్యాలయాలను స్టేషన్ ముంగిట్లోకే తెచ్చిన రిచర్డ్‌సన్‌లోని సిటీలైన్ అందుకు ఉదాహరణలు.

3

కాల్గరీ కథ రైలుతో మొదలవదు, కట్టకుండా వదిలేసిన రోడ్డుతో మొదలవుతుంది. 1960లలో అక్కడ కూడా ఫ్రీవేలను డౌన్‌టౌన్‌లోకి చొప్పించాలని పథకం వేశారు. ఆ దారి చైనాటౌన్‌ను చీల్చుకుంటూ పోవాల్సి ఉంది. జనం ఎదురుతిరిగారు, పథకం అటకెక్కింది. డౌన్‌టౌన్‌లో ఆఫీసుల గోపురాలు లేస్తూనే ఉన్నాయి, వాటికి చేరే రోడ్లు మాత్రం పెరగలేదు.

ఆ తర్వాత పార్కింగ్. మామూలుగా ఉత్తర అమెరికా నగరాలు తమ పరిధిలో కట్టే ప్రతి భవనానికీ ఇన్ని కార్లకు చోటు చూపాలని నిబంధన పెడతాయి. కాల్గరీ మాత్రం డౌన్‌టౌన్‌లో బిల్డర్‌ను అందులో కొంత భాగమే తన స్థలంలో కట్టనిచ్చి, మిగతాదానికి డబ్బు కట్టించుకుంది. ఆ డబ్బుతో పార్కింగ్ ఎక్కడ కట్టాలో నగరమే నిర్ణయించింది. ఫలితంగా అక్కడి పార్కింగ్ రుసుము చాలా ఏళ్లు ఉత్తర అమెరికాలోని అత్యంత ఖరీదైనవాటిలో ఒకటిగా ఉంది. కారు ఉన్నవాడు కూడా దాన్ని ఇంటి దగ్గరో శివారు స్టేషన్ దగ్గరో వదిలి రైలెక్కడం అక్కడ త్యాగం కాదు, నెల ఖర్చు చూసుకుని చేసే మామూలు పని. 2010ల తొలి ఏళ్లకు డౌన్‌టౌన్‌కు ఉద్యోగానికి వెళ్లేవారిలో సగానికి దగ్గరగా బస్సు, రైళ్ల మీదే వెళ్లేవారు.

మూడోది, 7వ అవెన్యూ. 1981 మే 25న తొలి గీత తెరిచేటప్పటికి డౌన్‌టౌన్‌లో సొరంగం తవ్వే స్తోమత నగరానికి లేదు. అందుకని ఒక పూర్తి వీధిని కార్ల నుంచి తప్పించి రైళ్లకు, బస్సులకు ఇచ్చేశారు. డౌన్‌టౌన్ స్టేషన్ల మధ్య టికెట్ అక్కర్లేకుండా చేశారు. శీతకాలంలో సున్నాకు దిగువన 25 డిగ్రీల చలిలో ప్లాట్‌ఫాం మీద బటన్ నొక్కితే తలపైన హీటర్ వెలుగుతుంది. రైలు దిగాక కొద్ది అడుగులు వేస్తే ప్లస్ 15 ఉంది. వీధికి సుమారు 15 అడుగుల ఎత్తున భవనాలను కలిపే ఆ అద్దాల నడవాల్లో చలి తగలకుండా ఆఫీసు దాకా నడవవచ్చు. సొరంగం మానేయడంతో మిగిలిన డబ్బు గీతలను పొడిగించడానికి పనికొచ్చింది. 1985లో ఈశాన్యానికి, 1988 శీతాకాల ఒలింపిక్స్‌కు ముందు 1987లో వాయవ్యానికి, 2012 చివర పడమరకు రైలు చేరింది.

గమ్యం ఎంత బలంగా ఉంటే రైలు అంత నిండుతుందనడానికి మరో రెండు ఊళ్లు సాక్ష్యం. హ్యూస్టన్ 2004లో వేసిన తొలి గీత 12 కిలోమీటర్లే. ఒక కొసన డౌన్‌టౌన్, మధ్యలో మ్యూజియాలు, అవతల ప్రపంచ ప్రసిద్ధమైన టెక్సాస్ మెడికల్ సెంటర్. అంత చిన్న గీత కిలోమీటరుకు ప్రయాణికుల లెక్కలో అమెరికాలోని పెద్ద వ్యవస్థలతో పోటీపడింది. సియాటిల్ 2016లో సుమారు 5 కిలోమీటర్ల సొరంగంతో రెండే స్టేషన్లు కలిపింది. ఒకటి ఇళ్లు కిక్కిరిసిన కాపిటల్ హిల్, ఇంకొకటి విశ్వవిద్యాలయం. ఆ ఏడాదే ప్రయాణికులు ఒక్కసారిగా పెరిగారు. ఖరీదైన 5 కిలోమీటర్లు చవకైన 50 కిలోమీటర్ల కన్నా లాభసాటి కావచ్చని పాలకులను ఒప్పించడం కష్టం. ప్రారంభోత్సవంలో పొడవే కనిపిస్తుంది కదా.

4

ఇక నిరీక్షణ. ఈ భాగం చిన్నదే గాని మిగతా అన్నింటికన్నా ముఖ్యం.

డాలస్‌లో ఒక్కో గీత మీద చాలా ఏళ్లు రద్దీ వేళల్లో 15 నిమిషాలకు, మిగతా వేళల్లో 20 నిమిషాలకు అటూ ఇటూగా ఒక రైలు నడిచేది. నాలుగు గీతలూ డౌన్‌టౌన్‌లో ఒకే దారి మీదుగా పోవాలి కాబట్టి రైళ్లు పెంచడం కష్టం. రెండో దారిగా డౌన్‌టౌన్ కింద సొరంగం వేయాలన్న ఆలోచన ఏళ్ల తరబడి చర్చల్లో నలిగి చివరికి పక్కకు పోయింది. గీతలు బయట పెంచుకుంటూ పోయినప్పుడు నడిబొడ్డున ఇరుకు ఎంత ఖరీదైనదో దీనివల్ల తెలుస్తుంది.

20 నిమిషాలకొక రైలు అంటే సగటున 10 నిమిషాల నిరీక్షణ. ఇంటి నుంచి స్టేషన్‌కు వచ్చే బస్సు అరగంటకొకటి అయితే మరో 15 నిమిషాలు. దిగాక ఇంకో బస్సు పట్టాలంటే మళ్లీ అంత. బండి కదలకుండానే 40 నిమిషాలు పోయాయి. కారు గుమ్మం ముందు ఉంటుంది, దానికి నిరీక్షణ సున్నా. రైలు ఎంత వేగంగా పోయినా ఈ 40 నిమిషాలను పూడ్చలేదు. కొత్త పెట్టెలకు, స్టేషన్ అలంకరణకు, టికెట్ రాయితీకి డబ్బు వెతికే ముందు పగలంతా, వారమంతా 10 నిమిషాలకొక రైలు నడిపే డబ్బు ఉందా అని చూడాలి. సాయంత్రం ఏడు దాటాక, ఆదివారం పూట కూడా. హోటల్లో, ఆస్పత్రిలో, మాల్‌లో పనిచేసేవారి రోజు ఆఫీసు వేళలకు నడవదు. కారు కొనలేనివారిలో ఎక్కువమంది వాళ్లే. వాళ్లను మరిచిపోయి, కారున్నవారిని ఆకర్షించే పథకాలు వేయడం అన్యాయం మాత్రమే కాదు, ఆర్థికంగా తెలివితక్కువ పని కూడా.

5

స్టేషన్ నుంచి గుమ్మం దాకా ఉన్న దూరం గురించి రెండు వాదాలున్నాయి. స్టేషన్ దగ్గర విశాలమైన ఉచిత పార్కింగ్ కడితే కార్లవాళ్లు వస్తారన్నది ఒకటి. వస్తారు, కొంతమంది. ఒక ఎకరంలో దారులతో కలిపి 130, 140 కార్లకు మించి పట్టవు. కాల్గరీలో నాలుగు పెట్టెల రైలు ఒకటి 800 మందిని మోయగలదు. ఆ ఒక్క రైలు నింపడానికి మనిషికో కారు చొప్పున ఆరు ఎకరాల తారు నేల కావాలి. ఆ ఆరు ఎకరాల్లో ఇళ్లు, దుకాణాలు కడితే పొద్దున్నే కాదు, రోజంతా ప్రయాణికులు పుడతారు. నగరం చివరి స్టేషన్లలో పార్కింగ్ అవసరమే. లోపలి స్టేషన్లలో అది మంచి భూమిని పాడుచేయడం.

రెండోది ఫీడర్ బస్సు. కాల్గరీలో రైలు రావడానికి ముందే, 1970లలోనే, బ్లూ ఆరో అనే ఎక్స్‌ప్రెస్ బస్సులు ఆ దారుల్లో నడిచి ప్రయాణికులను అలవాటు చేశాయి. రైలు వచ్చాక బస్సులు స్టేషన్లకు మళ్లాయి. ఒకే టికెట్ రెండింటికీ చెల్లుతుంది. డాలస్‌లో రైలు గీతలు ఒకదాని తర్వాత ఒకటి తెరిచాక, 2022 జనవరిలో గాని బస్సు మార్గాలన్నీ కొత్తగా గీసుకోలేదు. హ్యూస్టన్ 2015లో ఆ పని చేసింది. డౌన్‌టౌన్‌కు మాత్రమే పోయే పాత మార్గాలను గళ్ల ఆకారంలో, తరచుగా వచ్చే బస్సులుగా మార్చింది. సభ గమనించవలసిన విషయం ఏమిటంటే, దీనికి కొత్త పట్టాలు అక్కర్లేదు. పాత మార్గం పోతుందన్న జనం కోపాన్ని మాత్రం తట్టుకోవాలి.

నిబంధనల వైపు కూడా కదలిక వచ్చింది. 2025 మేలో డాలస్ నగర మండలి పార్కింగ్ నిబంధనలను బాగా సడలించింది. రైలు స్టేషన్లకు అర మైలు లోపల కట్టే భవనాలకు ఇన్ని కార్ల చోటు తప్పనిసరి అన్న షరతు ఎత్తేసింది. తొలి రైలు నడిచిన 29 ఏళ్లకు జరిగిన పని ఇది. దీని ఫలితం భవనాల్లో కనపడటానికి మరో పదేళ్లు పడుతుంది.

6

కాల్గరీ నమూనాకు బలహీనత లేకపోలేదు. ఆ రైలు బలమంతా ఒక్క డౌన్‌టౌన్ మీద ఆధారపడింది. 2014 చివర చమురు ధర కుప్పకూలాక ఆఫీసులు ఖాళీ అయ్యాయి. రైలూ ఖాళీ అవుతూ వచ్చింది. కోవిడ్ తర్వాత ఇంటి నుంచి పని అలవాటయ్యాక సోమవారం, శుక్రవారం రద్దీ ఎక్కడా మునుపటిలా లేదు. ఖాళీ ప్లాట్‌ఫాంల మీద భద్రత సమస్యగా మారింది. స్త్రీలు రాత్రిపూట రైలుకు వెనకాడితే దాని ప్రభావం ప్రయాణికుల సంఖ్యలో వెంటనే కనిపిస్తుంది. ప్లాట్‌ఫాం మీద సిబ్బంది కనిపించడం, వెలుతురు, తరచుగా రైలు, ఈ మూడూ కలిస్తేనే భయం తగ్గుతుంది.

డాలస్ వైపు నుంచి చూస్తే వేరే పాఠం ఉంది. ఉద్యోగాలు పది చోట్ల చెదిరిన ఊరికి అన్ని గీతలూ ఒక్క చోటికి లాగడం సరిపోదు. 2025 అక్టోబరు చివర ప్లేనో నుంచి డాలస్-ఫోర్ట్‌వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) విమానాశ్రయానికి తెరిచిన సిల్వర్ లైన్ డౌన్‌టౌన్ ముఖం చూడదు. శివారు నుంచి శివారుకు పోతుంది. అది డీజిల్ రైలు, లైట్ రైల్ కాదు. అయినా దాని దిశ సరైనది.

మన ఊళ్లకు ఇవన్నీ యథాతథంగా వర్తించవు. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలై 69 కిలోమీటర్లు నడుస్తోంది. అక్కడ రైలుకు పోటీ కారు కన్నా ఎక్కువగా స్కూటర్, షేర్ ఆటో. స్కూటర్‌కు పార్కింగ్ ఖర్చు దాదాపు లేదు, సందులోకీ పోతుంది. అందుకని ఇక్కడ పార్కింగ్ రుసుము కన్నా కాలిబాట ముఖ్యం. రాయదుర్గంలో దిగిన ఉద్యోగి ఆఫీసు దాకా నీడలో, గుంటలు లేని బాట మీద నడవగలిగితే స్కూటర్ ఇంటి దగ్గర ఉంటుంది. విజయవాడ, విశాఖలలో మెట్రో ప్రణాళికలు చర్చలో ఉన్నాయి. అక్కడ నివేదికల్లో ప్రతి స్టేషన్‌కూ 500 మీటర్ల లోపల ఏ గేటు ఎటు తెరుచుకుంటుంది, ఏ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాలి, ఏ బస్సు ఎన్ని నిమిషాలకొకసారి వస్తుంది, మురుగు కాలువ మీద పలక ఉందా లేదా అన్న వివరం ఒక్కో పేజీ చొప్పున ఉండాలి. ఆ పేజీల్లోని పనులకు అంచనా వేస్తే మొత్తం ప్రాజెక్టు ఖర్చులో చాలా చిన్న భాగమే అవుతుంది. ఆ పనులన్నీ మునిసిపాలిటీ చేతిలో, ఆర్టీసీ చేతిలో, పోలీసు శాఖ చేతిలో ఉంటాయి కాబట్టి, వాటి ఒప్పందాలు రైలు టెండర్‌తో పాటే కుదరాలి. రైలు తెరిచే రోజుకు కనీసం రెండేళ్ల ముందే ఆ దారిలో తరచుగా తిరిగే బస్సులు మొదలైతే, తొలి రైలు ఎక్కే జనం అప్పటికే ఆ స్టేషన్ ఉండబోయే చోట బస్సు కోసం నిలబడి ఉంటారు.